ఈగ మోత

సెరెకుందాలో టైర్ల కొట్టు పైన
కోడిగుడ్ల అట్టలు గోడలకు అంటించిన గది.
బిరామ్ దాన్ని స్టూడియో అంటాడు.
మా మామ మలాంగ్ కనుతే మెట్ల మీద మూడుసార్లు ఆగాడు,
ఆయాసం వచ్చి కాదు,
కోరా మెడ గోడకు తగలకుండా తిప్పుకోడానికి.

పండి, ఎండి, నిలువునా కోయించుకున్న పెద్ద సొరబుర్ర.
దాని మీద బిగిసిన ఆవుతోలు.
ఇరవై ఒక్క తంతులు.
ఉన్నది సగం బుర్రే.
నిండు బుర్రలున్న మాకెవరికీ గుర్తులేని పేర్లు
ఏడు తరాలవి, దానికి గుర్తు.

సాజో పాట కోసం వచ్చాం.
సాజో ర్యాప్ కడతాడు, ఇసుక ధర మీద,
పడవెక్కి కబురైనా పంపనివాళ్ళ మీద.
వాడి తాత పెళ్ళికి మా తాత వాయించాడు.
ఆ చుట్టరికం ఇంకా తెగలేదు,
అందుకే మామ మెట్లెక్కాడు.

బిరామ్ ఫోను ముందుపెట్టాడు.
తంతి మీటితే తెర మీద సూది ఊగుతుంది:
పచ్చ వస్తే సరి,
ఎరుపు వస్తే తప్పు.
నాలుగో తంతి ఎరుపు.
మామ తోలు కట్టును బొటనవేలితో ఇంత పైకి తోశాడు.
తీగ లాగితే డొంకంతా కదులుతుంది కదా,
ఒక్కదాన్ని సవరిస్తే మిగతా ఇరవై అలిగాయి.
అన్నిటినీ బుజ్జగించి, చెవి ఆనించి, మళ్ళీ మీటాడు.
ఎరుపే.
"సరిగ్గానే ఉంది" అన్నాడు.
"ఎక్కడ సరి?"
"మా నాన్న వదిలిన చోట."

కీబోర్డులో ఆ చోటు లేదు.
తెల్ల మెట్టుకీ నల్ల మెట్టుకీ నడుమ సందులో
వేలు దూరదు.

ఇంకో పేచీ.
"లోపల ఈగ దూరిందా?" బిరామ్ హెడ్‌ఫోన్ తీసి అడిగాడు.
ఈగ కాదు, రేకు.
సార్డీన్ డబ్బా కత్తిరించి అంచుకు తీగచుట్టలు గుచ్చింది,
తంతి కదిలితే జుమ్మంటుంది.
తీసేస్తే శబ్దం శుభ్రంగా వస్తుందట.
"శుభ్రం చేసిన చేపకి పొలుసుండదు,
ఈతా ఉండదు" అన్నాడు మామ,
రేకు మీద చెయ్యి అడ్డంపెట్టి.

నేను నోరెత్తలేదు. నాకెక్కడిది మొహం?
నా కోరాకి తోలు కట్లు లేవు,
గిటారు మరలు పెట్టించాను.
ఆడపిల్ల వాయించడాన్ని ఓర్చుకున్నవాడు
మరల్ని ఓర్చలేక మూడు నెలలు నాతో మాట్లాడలేదు.
నాలుగో నెల టాంజి రేవులో తంతులు కొంటున్నాం.
తంతులంటే గాలం దారమే, నైలాను,
చిన్న చేపది తారస్థాయికి,
సొరచేపది మంద్రానికి.
సొరబుర్రకి సొరచేప దారం!
బేరం మధ్యలో ఆగి, నా వైపు చూడకుండా అన్నాడు:
"మా నాన్న జింకతోలు పేనేవాడు.
నేను మొదటిసారి నైలాను కట్టిన రాత్రి నుంచి
అందరం తినే పళ్ళెంలో
నా వైపు చేపముక్క తొయ్యడం మానేశాడు."
"ఎన్నాళ్ళు?"
"పోయేదాకా."
తర్వాత లావుదారం రెండు గజాలు ఎక్కువ కొలిపించాడు.
నాకోసమే అని చెప్పలేదు.

ఆ రాత్రి బిరామ్ రెండు గంటలు కూర్చున్నాడు.
కీబోర్డు గొంతు మెలిపెట్టి మెలిపెట్టి
ఒక్క స్వరాన్ని నాలుగో తంతి పక్కకి దించాడు.
ఇప్పుడు రెండూ ఎరుపే.
సాజో పళ్ళికిలించి మైకు అందుకున్నాడు.
ఈగని ఎవరూ తోలలేదు.

రెండు నెలలకి బ్రికామా పోయే వ్యానులో
మా పక్కన బియ్యం బస్తాలు, కాళ్ళకింద కోళ్ళు.
రేడియోలో సాజో.
స్పీకరు అట్ట చిరిగి ఉంది,
పాటంతా జుమ్ముమంటోంది,
డ్రమ్ము, సాజో గొంతు, వెనకాల కోరా,
అన్నీ.
డ్రైవరు దాన్ని అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి
"పాడైపోయింది పెద్దాయనా, ఏమనుకోకు" అన్నాడు.

మామ ఏమీ అనుకోలేదు.
కిటికీ అద్దం పైకెత్తాడు,
గాలి రొద పోయేలా.